పైకి చదివిన ఉత్తరం

జూన్ 3

ఒరేయ్ మత్తోడా,

నీ ఉత్తరం మొన్న చేరింది. మధ్యగదిలో మీ బావ మంచం పక్కన స్టూలు వేసుకుని పైకి చదివాను. మన ఇంట్లో ఉత్తరం మనసులో చదువుకోవడం ఎప్పుడుంది? అమ్మకి చదువు రాదని నాన్న మొదలుపెట్టిన అలవాటది. అమ్మా పోయింది, నాన్నా పోయాడు, అలవాటు మాత్రం నా నాలిక మీద ఉండిపోయింది. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నా కరెంటు బిల్లు కూడా పైకే చదువుతాను.

మీ ఆపరేషన్ థియేటర్లో ఏసీ చెడిపోయి పెద్ద డాక్టరు కళ్ళద్దాలు జారి పేషెంటు మీద పడబోయాయని రాశావు చూడు, ఆ చోట మీ బావ నా వేలు నొక్కారు. పొద్దున పూట వచ్చే నర్సమ్మకి చెప్తే, అలా అనిపిస్తుందమ్మా అంది. అనిపించడమేమిటి, వేలు నాది కదా.

మనిషి మాత్రం నువ్వు చూసి వెళ్ళినట్టే ఉన్నారు. లిఫ్టు బాగుచేస్తూ మెదడులో నరం చిట్లి పడిపోయిన రోజు నుంచీ ఒక్క మాట లేదు. కళ్ళు తెరుస్తారు, మూస్తారు, పైకప్పు చూస్తారు. ముక్కులో గొట్టంలోంచి పాలు పోస్తాను. పుండ్లు పడకుండా ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పుతాను. అంత మనిషిని తిప్పేసరికి నా నడుము నాది కాదనిపిస్తోంది. నా లాండ్రీ షాపు సగం రోజులు మూసే ఉంటోంది. ఉతికి ఇస్త్రీ చేసిన కోట్లు హ్యాంగర్లకి వేలాడుతూ మళ్ళీ దుమ్ము పడుతున్నాయి. వాటిని మళ్ళీ ఉతకాలి.

సరే, అసలు సంగతికొస్తాను. నువ్వు రోజూ మనుషుల్ని మత్తులోకి పంపి వెనక్కి తెస్తావు కదా. మీ బావ లోపల ఉన్నారంటావా? రేపు ఈ ఒళ్ళు కూడా ఆగిపోతే, ఇన్నేళ్ళూ నాతో కాఫీ చల్లారిందని పోట్లాడిన ఆ మనిషి, ఆ తెలివి, ఎక్కడికి పోతుంది? ఇక్కడ ఎవరినడిగినా తలా ఒకటి చెప్తున్నారు. వెళ్ళి చూసొచ్చినవాడు ఒక్కడూ లేడు. నువ్వు కనీసం గడప దాకా వెళ్ళొస్తుంటావు.

వేళకి తిను. ఆ ఊరి నీళ్ళు పడట్లేదన్నావు, కాచుకుని తాగు.

అలిసిపోయిన మీ అక్క


జూన్ 12

అక్కకీ బావకీ,

ఇద్దరికీ కలిపే రాస్తున్నాను. ముందు ఒక మనవి. నేను మత్తు డాక్టర్ని కాను, ఆయన పక్కన గొట్టాలూ సిలిండర్లూ చూసుకునే టెక్నీషియన్ని. ఎన్నిసార్లు చెప్పినా బావ మత్తోడనే పేరు పెట్టాడు, నువ్వు దాన్ని స్థిరం చేశావు. పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు కూడా అదే పేరు చెప్పి బావ నా సంబంధం ఒకటి చెడగొట్టాడు, గుర్తుందా? బావా, లేచాక దానికి జవాబు చెప్పాలి నువ్వు.

నువ్వడిగింది పెద్ద ప్రశ్నక్కా. నేను చూసింది చెప్తాను. పోయిన వారం ఒక లారీ డ్రైవరు వచ్చాడు, పిత్తాశయంలో రాళ్ళు. పది నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాం. ఏడు అని ఆగిపోయాడు. ఆపరేషన్ కష్టమై చాలాసేపు పట్టింది. అంతా అయ్యాక మత్తు దిగి కళ్ళు తెరిచాడు, తెరుస్తూనే "ఆరు" అన్నాడు. మధ్యలో గడిచిన టైము అతనికి లేనే లేదు. నిద్రలో అయితే చాలాసేపు పడుకున్నానని తెలుస్తుంది. ఇందులో అదీ ఉండదు. నొప్పి లేదు, భయం లేదు, ఎదురుచూపు లేదు. ఆ తర్వాతది కూడా అలాగే ఉంటుందేమోనని నాకు అనిపిస్తుంది. అంతకుమించి నాకు తెలీదు.

ఇక్కడ డ్యూటీలు ఎక్కువైపోయాయి. ఇద్దరు మానేశారు, వాళ్ళ పని మా నెత్తిన పడింది. నిలబడీ నిలబడీ పాదాలు వాస్తున్నాయి. సెలవు అడిగితే పై నెల చూద్దామంటున్నారు. దొరికితే వచ్చి బావని తిప్పే పని నేను చూసుకుంటాను, నువ్వు పడుకో.

మీ ఇద్దరి
తమ్ముడు


జూన్ 24

ఒరేయ్,

నేనడిగింది ఒకటి, నువ్వు చెప్పింది లారీ డ్రైవరు కథ. సూటిగా అడిగితే ఊరంతా తిప్పి ఇంటి వెనక దింపావు. ఆ డ్రైవరు తిరిగొచ్చాడు కాబట్టి ఆరు అన్నాడు. తిరిగి రానివాడికి ఆరు ఎక్కడిదిరా?

పెళ్ళిచూపుల మాట చదివినప్పుడు మీ బావ మళ్ళీ వేలు నొక్కారు. రెండు సార్లు. ఈసారి నర్సమ్మకి చెప్పలేదు. చెప్పినా గోడకి చెప్పినట్టే.

మొన్న డాక్టరు ఇంటికొచ్చి చూసి, ఊపిరితిత్తుల్లో మళ్ళీ నిమ్ము చేరుతోందన్నాడు. జ్వరం తిరగబెడితే ఆసుపత్రికి తీసుకెళ్తారా, ఇంట్లోనే ఉంచేస్తారా, ఇప్పుడే ఆలోచించుకోమన్నాడు. తీసుకెళ్తే మళ్ళీ గొంతులో గొట్టం, మళ్ళీ చేతులు మంచానికి కట్టడం. పోయినసారి మణికట్ల మీద తోలు లేచిపోయింది, నువ్వు చూశావు. తీసుకెళ్ళకపోతే అంతే. కూరగాయలు ఏవి కావాలో చెప్పమన్నంత నిదానంగా అడిగి, కాఫీ తాగి వెళ్ళాడు.

పిల్లలు ఉంటే వాళ్ళనడిగేదాన్ని. ఉన్నది నువ్వు. బడి చదువు నుంచీ మా దగ్గరే పెరిగావు, మాకు నువ్వే పిల్లాడివి. అందుకని అడుగుతున్నాను. ఆయన లోపలుంటే నా ప్రాణం పోయినా తీసుకెళ్తాను. లేకపోతే ఎవరి కోసం ఈ హింస? ఉన్నారా లేదా చెప్పు. పోతే ఏమవుతారో కూడా చెప్పు. అక్కకి బాధ కలుగుతుందని మాటలకి ఇస్త్రీ చేసి పంపకు, ఆ పని నాకే బాగా వచ్చు.

నాకు ఓపిక అయిపోతోందిరా. పొద్దున పాలు కాచడానికి స్టవ్ ముందు నిలబడి, ఎందుకొచ్చానో మర్చిపోయాను. పాలు పొంగి మంట ఆరిపోయేదాకా నిలబడే ఉన్నాను.

అక్క


జూలై 5

అక్కకి మాత్రమే

నువ్వు నిజం అడిగావు. ఇది రాయడానికి చాలా కాగితాలు చింపాను.

బావ లోపల లేడక్కా. ఆయన మెదడు స్కానింగు ఫోటోలు మా డాక్టరుకి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, ఏమీ అనకుండా కవర్లో పెట్టి ఇచ్చేశాడు. నాకు అర్థమైంది. వేలు నొక్కడం పసిపిల్లల గుప్పిట్లో వేలు పెడితే పట్టుకోవడం లాంటిది. దాని వెనక మనిషి ఉండక్కర్లేదు. నాకు సైకిలు నేర్పి, నేను పడితే తనూ కుంటుతూ నవ్వించిన బావ ఆ రోజు లిఫ్టు దగ్గరే వెళ్ళిపోయాడు. నువ్వు తిప్పుతున్నది, తుడుస్తున్నది ఆయన ఒంటిని, కబుర్లు చెప్తున్నది ఆ ఒంటికి. ఆ గదిలో నువ్వొక్కదానివే ఉన్నావు.

పోయాక ఏమవుతాడంటే, ఏమీ అవడు. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకాక కూడా కాసేపు వేడిగానే ఉంటుంది కదా. తర్వాత చల్లబడుతుంది. ఆ వేడి ఎక్కడికి పోయిందని నువ్వు షాపంతా వెతకవు. నాకు తెలిసినంతవరకు ఇదీ అంతే. ఎక్కడో కూర్చుని మనల్ని చూస్తూ ఉండడు, మన మీద బెంగ పెట్టుకోడు.

మళ్ళీ జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళకు. పోనీ. ఆయన్ని మోస్తూ నువ్వు కూడా పోతున్నావు, అది నేను చూడలేను. పోయినవాడు ఎలాగూ పోయాడు. నాకు మిగిలింది నువ్వు.

కోపం వస్తే నన్ను తిట్టు. కానీ పడుకో.

తమ్ముడు


ఆగస్టు 2

తమ్ముడికి,

మీ బావ పోయారని విని వచ్చావు, నాలుగు రోజులున్నావు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేశావు, మంచం విప్పి అటక మీద పెట్టావు, మందుల సీసాలన్నీ సంచిలో కట్టి పారేశావు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం సరిగ్గా చూసుకోలేదు. నువ్వేదో నేను ఏడుస్తానని ఊరుకున్నావు. నేను అందరూ ఉన్నారని ఊరుకున్నాను. నువ్వు బస్సెక్కాక ఇల్లంతా ఊడ్చి, ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

నీ ఆఖరి ఉత్తరం నేను పైకి చదివాను.

మడత విప్పుతూనే మొదలుపెట్టేశాను. "అక్కకి మాత్రమే" అన్నది కూడా పైకే చదివాను. మన ఇంట్లో పెరిగినవాడివి, ఆ మాట ఒక్కటీ రాస్తే నేను నోరు మూసుకుంటానని ఎలా అనుకున్నావురా? లోపల లేడన్న చోటికి వచ్చేసరికి అర్థమైంది. అప్పటికి వాక్యం సగంలో ఉంది. ఆపితే, ఏదో దాస్తున్నానని ఆయనకి తెలిసిపోతుందనిపించింది. కల్పించి చదువుదామంటే నాకు ఆ తెలివి ఎక్కడేడిచింది? గొంతు మార్చకుండా, ఏసీ చెడిపోయిన కబురు చదివినట్టే చివరిదాకా చదివేశాను. ఇస్త్రీ పెట్టె, పోనీ, పోయినవాడు ఎలాగూ పోయాడు, అన్నీ. ఆయన పైకప్పు చూస్తూనే ఉన్నారు.

ఆ తర్వాత వేలు నొక్కలేదు. నేను వేలు పెట్టి చూశాను. పాత ఉత్తరాలు తీసి చదివాను, పెళ్ళిచూపుల సంగతి మళ్ళీ మళ్ళీ చదివాను. లేదు. రెండు మూడు రోజులకి జ్వరం వచ్చింది. నువ్వు చెప్పినట్టే ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. ఒక సాయంత్రం నేను దుప్పట్లు ఆరేసి వచ్చేసరికి ఊపిరి లేదు. మొహం మామూలుగానే ఉంది.

వచ్చినవాళ్ళందరూ విముక్తి అన్నారు. ఎవరికి విముక్తో చెప్పలేదు. నాక్కూడా అలాగే అనిపించిందని నీకు చెప్తున్నాను. మొదటి రోజు పడుకుంటే తెల్లారి ఎండెక్కేదాకా మెలకువ రాలేదు.

ఇప్పుడు నాకు ఒక్క సంగతి తెలియాలి. ఆయన విన్నారా, లేదా? ఫోటోలు చూశావు, ఇన్నేళ్ళుగా ఆ పనిలో ఉన్నావు. నీకే తెలియాలి. లారీ డ్రైవర్లు వద్దు. ఒక్క మాట రాయి.

అక్క


ఆగస్టు 11

అక్కా,

నీ ఉత్తరం డ్యూటీకి వెళ్తూ మెట్ల మీద చదివాను. ఆ రోజు సిలిండరు ఒకటి తప్పు బిగించబోతే డాక్టరు చూసి, ఇంటికెళ్ళి పడుకోమన్నాడు. వెళ్ళాను, పడుకోలేదు.

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అలా ఉంది నాకు. విన్నాడని రాస్తే బావని నా చేత్తో నేనే పంపించేశానని అర్థం. వినలేదని రాస్తే ఇన్ని నెలలు నువ్వు ఖాళీ గదిలో కూర్చుని మాట్లాడావని అర్థం. నా సుఖం చూసుకుంటే వినలేదనే రాయాలి. ఆ మాట ఇదివరకే రాశాను కూడా, మళ్ళీ రాయడం తేలిక. కానీ నీకు చెప్పనిది ఒకటుంది.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక పంతులమ్మకి ఆపరేషన్ జరిగింది. కదలకుండా మందిచ్చాం, మత్తు ఇచ్చాం, మానిటర్లన్నీ సక్రమంగా ఉన్నాయి. ఆవిడ అక్కడ లేదని నేను రాసిచ్చేవాణ్ణి. సర్జన్ తన కొత్తింటికి తలుపులు ఏ చెక్కతో చేయించాలా అని అంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు. మర్నాడు నేను చూడ్డానికి వెళ్తే, ఆవిడ మెల్లిగా, "డాక్టరుగారిని టేకుతోనే చేయించుకోమనండి, మిగతావి పురుగు పడతాయి" అంది. నొప్పి తెలిసిందా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆవిడా చెప్పలేదు. ఆ రోజు నుంచీ నేను థియేటర్లో అనవసరంగా నోరు తెరవను. ఇది తెలిసి కూడా నీకు అంత గట్టిగా ఎందుకు రాశానంటే, నువ్వు పడుకోవాలి కాబట్టి. నీకు నిజం కావాలి, నాకు నువ్వు కావాలి. ఫోటోలు చూసి మా డాక్టరు లేడని అనలేదక్కా, ఏమీ అనలేదు. లేడన్నది నేను.

విన్నాడు. నువ్వడిగిన ఒక్క మాట ఇదే. నువ్వు చదివిన ఉత్తరాలు విన్నాడు, షాపు కబుర్లు విన్నాడు, విసుక్కున్నది విన్నాడు, వింటూనే ఉన్నాడు. నువ్వు ఒక్క రోజు కూడా ఒంటరిగా లేవు. నా ఉత్తరం కూడా విన్నాడు, విని, ఇక చాలనుకున్నాడు. ఆ పాపం నాది, నీది కాదు. నువ్వు చదివావు, రాసింది నేను. నేను మోస్తాను.

పోయాక ఏమవుతాడన్నదానికి, ఏమీ అవడన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. అంత ఖాయంగా చెప్పడానికి నేనెవర్ని? ముక్కులో గొట్టంతో పడుకున్న మనిషి విషయంలోనే తప్పు చెప్పినవాణ్ణి.

నన్ను తిట్టి ఒక ఉత్తరం రాయి. రాయకుండా మాత్రం ఉండకు.

తమ్ముడు


ఆగస్టు 20

ఒరేయ్ నాన్నా,

నిన్ను తిట్టడానికి ఏమీ లేదు.

నీకు సంగతి అర్థం కాలేదు. తప్పు నీది కాదు, నేను సగమే రాశాను. నువ్వు వినలేదని రాస్తావని నమ్మే అడిగాను. గట్టిగా, ఫోటోలు చూసినవాడిలాగా, పిచ్చి అక్కా ఆయనకి ఏమీ వినపడలేదు అని రాస్తావనుకున్నాను. ఉత్తరం వస్తే గుమ్మంలోనే విప్పేదాన్ని నేను, కానీ ఈసారి నీ కవరు వస్తే రెండు రోజులు విప్పలేదు. విప్పితే విన్నాడని ఉంది.

ఆ రోజు నీ ఉత్తరం చదవడం అయ్యాక ఇంకొకటి జరిగింది. కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆయన్ని పక్కకి తిప్పే వేళయింది. లేవబోతే నడుము పట్టేసి మళ్ళీ స్టూలు మీద కూలబడ్డాను. అప్పుడు ఆయన మొహంలోకి చూస్తూ అన్నాను.

"నావల్ల కావట్లేదండీ. ఇంక వెళ్ళిపోండి."

మెల్లిగా అనలేదు. కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టారని అరిచే గొంతుతోనే అన్నాను. అని, లేచి, ఆయన్ని తిప్పాను.

కాబట్టి నువ్వు నీ ఉత్తరాన్ని మోయక్కర్లేదు. నువ్వు మెదడు ఫోటోల గురించి ఏం రాసినా ఆయన లెక్కచేసే మనిషి కాదు, మత్తోడు పెద్దవాడయ్యాడే అని నవ్వుకుని ఊరుకునేవారు. వెళ్ళమన్నది నేను. నేను వెళ్ళమంటే వెళ్ళారు. ఇది కడుపులో పెట్టుకుని ఇన్నాళ్ళూ తిరుగుతున్నాను, మింగలేక కక్కలేక. షాపు తెరిచాను. జనం బట్టలు తెస్తున్నారు. జేబులు వెతికి తీసిపెట్టడం, మరకలు చూడడం, అన్నీ చేతులు చేసుకుపోతున్నాయి. ఎవరైనా ఎలా ఉన్నారంటే బాగున్నానంటున్నాను.

నీ ఉత్తరం చదివాక మొదట నీమీద ఒళ్ళు మండింది. ఉన్నాడంటావని అడిగితే లేడన్నావు, లేడంటావని అడిగితే ఉన్నాడన్నావు. మళ్ళీ రాసి, ఆ పంతులమ్మ సంగతి వేరు, బావ సంగతి వేరు అని చెప్పించుకుందామనుకున్నాను. అడిగితే నువ్వు రాసేస్తావు. అక్క పడుకోవాలంటే నువ్వు ఎటైనా రాస్తావని ఇప్పుడు తెలిసింది. అందుకని అడగట్లేదు. నువ్వూ ఇంక ఆ విషయం రాయకు.

ఆలోచించుకున్నాను. ఆయన వినలేదంటే నేనన్న మాట ఎవరికీ తగల్లేదు, నేను హాయిగా పడుకోవచ్చు. కానీ అప్పుడు తక్కినవన్నీ కూడా వినలేదన్నమాటే. పొద్దున్నే మొహం తుడుస్తూ చెప్పిన కబుర్లు, మన అమ్మ సంగతులు, పెళ్ళైన కొత్తలోవి, ఆయనకి ఎప్పుడూ చెప్పనివి ఎన్నో చెప్పానురా ఆ గదిలో. బాగున్నప్పుడు సిగ్గేసి చెప్పనివి. ఆ ఒక్క మాట పోవాలంటే అవన్నీ పోవాలి. నేను పోనివ్వను. విన్నారు. అన్నీ విన్నారు, అదీ విన్నారు.

పోయాక ఏమవుతారో నీకూ తెలీదు, నాకూ తెలీదు. డాక్టరుకీ తెలీదు. ఏమీ లేకపోతే ఆయనకి నొప్పి లేదు, అది మంచిదే, నాకు తెలుసు. ఎక్కడైనా కాస్తంత మిగిలి ఉంటే మాత్రం, ఆఖరికి నా నోట విన్నది అది కాబట్టి, నామీద కోపంగా ఉండి ఉంటారు.

కోపంగానైనా సరేరా. ఉండనీ.

అక్క